పాలపళ్ళు, రెండు పళ్ళు, గ్రేడ్ 4బి

ఆ రూలు టైపు చేసింది నేనే కాబట్టి, ఆ సాయంత్రం దాన్ని పైకి చదివి వినిపించాల్సిన పని కూడా నా మీదే పడింది. గ్లాస్గో శివార్లలో ఒక స్కూలు. ఫిబ్రవరి. హాల్లో టీ తాగుతూ ఫలితాల కోసం ఎదురుచూస్తున్న జనం. వెనక స్టాఫ్‌రూంలో తలుపేసుకుని ముగ్గురం. టేబుల్ మీద ఒక కప్పు, నా లాప్‌టాప్, ఎవరిదో ఫోను. ఫోన్లో ఆపిపెట్టిన వీడియో. అందులో మా బ్యాండు కుర్రాడు, పదిహేనేళ్ళవాడు, వేరే బ్యాండు వాళ్ళ గళ్ళ కిల్టు కట్టుకుని, వాళ్ళ మధ్యలో నిలబడి పైపులు వాయిస్తున్నాడు.

నేను పైప్ బ్యాండులో చేరింది సంగీతం మీద ప్రేమతో అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజానికి నన్ను చేర్చింది కూడా ఒక రూలే. బేస్ డ్రమ్ లేని బ్యాండుని పోటీలో నిలబడనివ్వరు. మావాళ్ళ బేస్ డ్రమ్మరుకి భుజం ఆపరేషనయింది. ఆఫీసులో నా పక్క సీటాయన ఆ బ్యాండులో పైపర్. నేనుండే ఫ్లాటుకి ఎదురుగా ఉన్న చర్చి హాల్లోనే గురువారం గురువారం వాళ్ళ ప్రాక్టీసు. "నీకు నాలుగుదాకా లెక్కపెట్టడం వచ్చా?" అనడిగాడు. వచ్చన్నాను. చిన్నప్పుడు రెండేళ్ళు మృదంగం నేర్చుకుని మానేసిన సంగతి చెప్పలేదు, చెప్తే ఆశలు పెట్టుకుంటారని. మరుసటి వారం 28 అంగుళాల డ్రమ్ము ఒకటి నాకు తగిలించారు. దాని పైనుంచి నా కళ్ళు మాత్రమే కనపడేవి. ఆ మొదటి ఏడాది ఫొటోలన్నిట్లో నేను ఒక టోపీని.

పైప్ బ్యాండు అంటే మనకి గుర్తొచ్చేది రిపబ్లిక్ డే పెరేడులో వెళ్ళే మిలిటరీ బ్యాండు. బ్రిటిష్ రెజిమెంట్లు వదిలిపోయిన అలవాటు. వాయిద్యం మాత్రం మనకి మరీ పరాయిదేం కాదు. మన జానపద కళాకారులు శృతి కోసం పట్టే తిత్తి ఉంది చూశారూ, మేకతోలు సంచీకి గొట్టం బిగించింది, అది దీనికి దూరపు చుట్టం. స్కాట్లండ్ పైపులకి శృతి పలికే గొట్టాలు మూడు, పాట పలికే చాంటర్ ఒకటి. చాంటర్ మీద తొమ్మిదే స్వరాలు. గట్టిగా, మెల్లగా అని తేడా చూపించడం కుదరదు. మధ్యలో ఆపడమూ కుదరదు, సంచీలో గాలి నొక్కుతున్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో స్వరాన్ని చిటికెలో తగిలించి తీసెయ్యాలి. అట్లాంటివి పది, పదిహేను కలిసి మోగుతున్నప్పుడు ఒక్కరి వేలు ఆలస్యమైనా, ఒక్క రీడు చలికి కుంగినా మైదానం అవతల నిలబడ్డవాడికి కూడా తెలిసిపోతుంది. సన్నాయి పీకలాగే ఈ రీడు కూడా వాతావరణం మనిషి. స్కాట్లండులో వాతావరణం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

పోటీలో బ్యాండు డ్రమ్ రోల్స్‌తో నడుస్తూ మొదలుపెట్టి, వచ్చి గుండ్రంగా నిలబడుతుంది. మొహాలు లోపలికి, వీపులు జనానికి. మొదటిసారి చూసినప్పుడు ఇదేం మర్యాద అనుకున్నా. జడ్జీలు ఆ గుండ్రం చుట్టూ అట్టలు పట్టుకుని తిరుగుతుంటారు. పైపులకి ఇద్దరు, డ్రమ్ములకి ఒకరు, మొత్తం కలిసి ఎలా ఉందో వినడానికి ఒకరు. ఈ నాలుగో మనిషిని ఆన్సాంబుల్ జడ్జి అంటారు. ఒక్కొక్కరూ మార్కులివ్వరు, స్థానాలిస్తారు. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండుకి రెండు, అలా. నాలుగూ కూడితే ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. సమానంగా వస్తే ఆన్సాంబుల్ జడ్జి ఎవరిని పైన పెట్టాడో వాళ్ళకి.

లెక్కలవాళ్ళకి ఇందులో ఒక తమాషా కనిపిస్తుంది. ఒక బ్యాండుకి 1, 1, 1, 9 వచ్చాయనుకోండి, మొత్తం 12. ఇంకో బ్యాండుకి 3, 3, 3, 2 వస్తే 11. ముగ్గురు జడ్జీలు ఇదే అందరికన్నా బాగుందన్న బ్యాండు ఓడిపోయి, ఒక్కరి చేత కూడా మొదటి స్థానం అనిపించుకోని బ్యాండు కప్పు పట్టుకెళ్తుంది. పైపర్లు దీన్ని అన్యాయం అంటారు. ఆ తొమ్మిది ఎక్కువసార్లు డ్రమ్ముల కాలంలోనే ఉంటుంది కాబట్టి డ్రమ్మర్లు మెదలకుండా ఉంటారు. నేను డ్రమ్మర్ని.

ఈ పోటీలన్నిటికీ పెద్ద దిక్కు రాయల్ స్కాటిష్ పైప్ బ్యాండ్ అసోసియేషన్. 1930లో పెట్టారు, ఆఫీసు గ్లాస్గోలోనే. బ్యాండ్లని గ్రేడ్లుగా విడగొట్టేది వీళ్ళే: పైన 1, తర్వాత 2, తర్వాత 3ఎ, 3బి, 4ఎ, అట్టడుగున 4బి. పిల్లల బ్యాండ్లకి జువెనైల్, నోవిస్ జువెనైల్ అని వేరే. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. 1986 నుంచీ గ్లాస్గోలోనే, కోవిడ్ వచ్చిన రెండేళ్ళు తప్ప. ఆ రోజు కెనడా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ విమానాల్లో డ్రమ్ములేసుకొచ్చిన గ్రేడ్ 1 వాళ్ళూ, మాలాంటి 4బి వాళ్ళూ ఒకే గడ్డి మీద, ఒకే టాయిలెట్ క్యూలో ఉంటాం. మాకు పొద్దున్నే హీట్స్. మధ్యాహ్నానికల్లా మా పని అయిపోతుంది. తర్వాత చిప్స్ తింటూ గొప్పవాళ్ళని వింటాం.

గ్రేడు శాశ్వతం కాదు. సీజను అయ్యాక ఫలితాలు చూసి కొన్ని బ్యాండ్లని పైకి పంపుతారు, కొన్నిటిని కిందికి దించుతారు. ఇన్వరేరీ అనే చిన్న ఊరి బ్యాండు పిల్లలకి నేర్పడంతో మొదలై, 2010కల్లా గ్రేడ్ 1లోకి వచ్చి, 2017లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ కథ ప్రతి 4బి బ్యాండు ప్రాక్టీసులోనూ నెలకోసారి వినపడుతుంది. వినపడని కథ ఇంకోటుంది. ఒక గ్రేడులో గెలిచే బ్యాండు పైకెళ్ళగానే ఆఖరి స్థానాల్లోకి జారుతుంది. రెండేళ్ళు అలా ఓడాక సగంమంది మానేస్తారు. అందుకే పైకి పంపుతారేమోనని భయపడే బ్యాండ్లుంటాయి. పైకెళ్ళాల్సింది వెళ్ళకుండా కిందే ఉండి కప్పులేరుకునే బ్యాండ్లూ ఉంటాయని అందరూ అంటారు. ఫలానా బ్యాండు అని మాత్రం ఎవరూ పైకి అనరు.

ఈ గ్రేడ్ల గోల మొదటిసారి విన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది అద్దంకి దగ్గర పల్లె. మా తిరునాళ్ళకి ఎడ్ల బండలాగుడు పోటీలు. మా నాన్న చాలా ఏళ్ళు కమిటీలో పళ్ళు చూసే మనిషి. ఎద్దుకి ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి, గట్టిపళ్ళు జత జతగా వస్తాయి. దాన్నిబట్టే విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. లాగడం మొదలయ్యాక తగాదా తక్కువ. టైము వాచీ చెప్తుంది, ఎన్ని అడుగులు లాగాయో టేపు చెప్తుంది. తగాదా అంతా దానికి ముందే, నోరు తెరిచి చూసేటప్పుడే. నాలుగు పళ్ళ గిత్తని రెండు పళ్ళ కింద తోసెయ్యాలని చూసేవాళ్ళు. నాన్న గిత్త పెదవి కిందికి లాగి, బొటనవేలు పెట్టి తడిమి, "నాలుగు" అంటే నాలుగే. ఎడ్లని ముల్లుకర్రతో పొడవడం గురించి మీకు అభ్యంతరాలుంటాయి, నాకూ ఉన్నాయి. ఇప్పుడు మాట్లాడుతున్నది పళ్ళ గురించి.

బ్యాండుకి పళ్ళుండవు. అక్కడొచ్చింది చిక్కు. ఈ బ్యాండు ఏ గ్రేడుదో తెలియాలంటే అది ఎలా వాయిస్తుందో తెలియాలి. ఎలా వాయిస్తుందో తెలిసేది పోటీలోనే. పోటీలో పెట్టాలంటే ముందు గ్రేడు చెయ్యాలి.

మూడేళ్ళ క్రితం, సీజను లేని చలికాలంలో పిల్లలూ కొత్తవాళ్ళూ ఉత్సాహం పోగొట్టుకోకుండా ఉంటారని మా చుట్టుపక్కల నాలుగైదు బ్యాండ్లు కలిసి ఒక చిన్న ఇండోర్ పోటీ పెట్టాలనుకున్నాయి. మినీ బ్యాండ్లు, అంటే తక్కువమందితో చిన్న జట్లు. అసోసియేషన్ గ్రేడ్లతో సంబంధం లేదు, మా రూల్సు మేమే రాసుకోవాలి. రూల్సు కమిటీకి ముగ్గురు: ఒక రిటైర్డ్ ప్రైమరీ టీచరు, పక్క ఊళ్ళో పిల్లలకి డ్రమ్ములు నేర్పే ఒకాయన, ఎక్సెల్ వచ్చని నేను.

మొదటి మీటింగు ఒక గంటలో అయిపోతుందనుకున్నాను. ఆరు మీటింగులు పట్టింది. వరస ఎవరు నిర్ణయించాలి? చీటీలు తీద్దాం. మొదట వాయించేవాళ్ళకి నష్టం కదా, తర్వాత ఎవరొస్తారో తెలీక జడ్జీలు పై స్థానం అట్టే పెట్టుకుంటారు కదా? నిజమే, కానీ ఎవరో ఒకరు మొదట వాయించాలి కదా. జడ్జీల శిష్యులు పోటీలో ఉంటే? ఇక్కడ టీచరు గట్టిగా నవ్వింది. ఈ లోకం చాలా చిన్నది. నలభై మైళ్ళ లోపల ఉన్న ప్రతి జడ్జీ ప్రతి పైపరుకీ గురువో, గురువుగారి గురువో, బావమరిదో అవుతాడు. చుట్టరికం ఉన్నవాళ్ళు వద్దంటే జడ్జీ కుర్చీలో స్కూలు వాచ్‌మన్‌ని కూర్చోబెట్టాలి. అయితే తెర కట్టేద్దాం, పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆడిషన్లకి అలాగే చేస్తారు అన్నాను. డ్రమ్ములాయన జాలిగా చూశాడు. "రెండు బార్లు వింటే చాలు, ఏ బ్యాండో చెప్పేస్తారు. చాంటర్లు ఎవరివి, రీడ్లు ఎవరు చేశారు, డ్రమ్ స్కోరు ఎవరు రాశారు, అన్నీ చెప్పేస్తారు." చివరికి ముందుగా చెప్పుకోవాలి అని మాత్రం రాసుకున్నాం. ఎవరికి ఎవరు గురువో పోటీకి ముందు జడ్జీలే ఒక కాగితం మీద రాసిస్తారు, దాన్ని నోటీసు బోర్డులో పెడతాం. ఆ కాగితం రెండు పేజీలైంది.

ఇక కొత్తవాళ్ళ విభాగం. ఇదే మా పాలపళ్ళ విభాగం. ఇందులోకి చేయి తిరిగినవాణ్ణి ఎవరైనా చొప్పిస్తే ఏడాది క్రితం పైపు పట్టుకున్న పిల్లల గతేం కాను? మామూలు సీజన్లో ఎవరు ఏ బ్యాండో అసోసియేషన్ రిజిస్ట్రేషన్ చెప్తుంది. మాకు అలాంటిదేం లేదు. వయసు పెడదామంటే యాభై ఏళ్ళకి నేర్చుకోవడం మొదలెట్టినవాళ్ళున్నారు. ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారని అడుగుదామంటే సాక్ష్యం లేదు. అప్పుడు నేను రాశాను: గత రెండేళ్ళలో గ్రేడ్ 2 లేదా అంతకన్నా పై బ్యాండుతో 'ప్లే' చేసినవాళ్ళు ఈ విభాగంలో ఉండకూడదు. ఇద్దరూ బాగుందన్నారు.

నేను ఆలోచించింది తెలుగులో, రాసింది ఇంగ్లీషులో. నా మనసులో ఉన్నది పోటీకి దిగడం. తెలుగులో అయితే వాయించడం వేరు, పోటీపడటం వేరు, ఆడటం ఇంకా వేరు. ఇంగ్లీషులో కచేరీకీ ప్రాక్టీసుకీ పోటీకీ క్రికెట్టుకీ ఒకటే మాట. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన ఆ ఇద్దరికీ ఇది తట్టలేదని నేను నన్ను ఓదార్చుకోవచ్చు. కానీ టైపు చేసిన చేతులు నావి.

పోటీ రోజు అంతా బాగానే జరిగింది. కొత్తవాళ్ళ విభాగంలో ఏడు జట్లు. డబ్బుల్లేక ముగ్గురే జడ్జీలు: పైపులకి ఒకరు, డ్రమ్ములకి ఒకరు, ఆన్సాంబుల్ ఒకరు. మా జట్టులో ఆ కుర్రాడు ముందు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళప్పుడు మా చర్చి హాల్లోనే ప్రాక్టీసు చాంటర్ పట్టుకున్నాడు. మధ్యలో స్కూలు గొడవల్లో రెండేళ్ళు మానేశాడు. మళ్ళీ వచ్చి ఏడాదిన్నర. వాళ్ళమ్మ ఆ రోజు గుమ్మం దగ్గర కూచుని టికెట్ డబ్బులు తీసుకుంటోంది. ముందు రోజు రాత్రి శాండ్‌విచ్‌లు చేసింది కూడా ఆవిడే.

కాగితాలు నా దగ్గరికొచ్చాయి. మా జట్టుకి పైపులు 2, డ్రమ్ములు 2, ఆన్సాంబుల్ 1. మొత్తం 5. ఇంకో జట్టుకి 1, 1, 3. అదీ 5. రూలు ప్రకారం ఆన్సాంబుల్ ఎవరిని పైన పెడితే వాళ్ళకి, అంటే మాకు. ఆన్సాంబుల్ జడ్జి ఇరవయ్యేళ్ళ క్రితం మా పైప్ మేజరుకి గురువు. అది నోటీసు బోర్డులో ఉంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఫలితం చదివిన పది నిమిషాలకి రెండు మొదటి స్థానాలొచ్చి ఓడిన ఆ జట్టు నాయకుడు ఫోను పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. వీడియో చూపించాడు. నవంబరులో ఒక చారిటీ కచేరీ. గ్రేడ్ 2 బ్యాండు. అందులో మా కుర్రాడు. వాడు అక్కడికి సెప్టెంబరు నుంచీ ప్రాక్టీసుకి వెళ్తున్నాడని, ఇంకా రిజిస్టర్ కాలేదని నాకు తెలుసు. మా వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలుసు. ఆ కచేరీ ఫొటోకి నేను చప్పట్ల బొమ్మ కూడా పెట్టాను. నేను రాసిన రూలుకీ ఆ ఫొటోకీ మధ్య ఏదైనా సంబంధం ఉందని ఆ క్షణందాకా నాకు తట్టలేదు.

స్టాఫ్‌రూంలోకి వెళ్ళాం. నేను రూలు పైకి చదివాను. టీచరు అంది, "వాడు పోటీ చెయ్యలేదు. మనం ఆపాలనుకున్నది వీణ్ణి కాదు. ఇది నీకూ తెలుసు." డ్రమ్ములాయన అన్నాడు, "మనం ఏం అనుకున్నామో బయటున్నవాళ్ళకి తెలీదు. ఏం రాశామో తెలుసు." ఇద్దరూ నా వైపు చూశారు. ఈ విభాగంలో ముగ్గురిలో జట్టు ఉన్నది నాకే, నేను చెప్పకూడదు అన్నాను. టీచరు కాగితం తిరగేసి, "మరి ఒకటి, ఒకటి అయితే ఏం చెయ్యాలో ఇందులో ఏదీ?" అనడిగింది. లేదు. బ్యాండ్ల మధ్య టై అయితే ఏం చెయ్యాలో మూడు వాక్యాలు రాశాను. కమిటీలో టై అయితే ఏం చెయ్యాలో ఒక్క వాక్యం రాయలేదు.

హాల్లోంచి ఎవరో రీల్ వాయిస్తున్న చప్పుడు. బహుశా ఐదు నిమిషాలు కూచున్నాం. మా జట్టుని తీసెయ్యండి అన్నాను.

న్యాయం కోసం అన్నానని తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆ హాల్లో నా రంగు మనిషిని నేనొక్కదాన్నే. పదేళ్ళుగా ఉంటున్నా ఎక్కడో ఒకచోట అది లెక్కలోకొస్తుంది. లెక్కలు కట్టే మనిషి తన బ్యాండుకి తానే కప్పిచ్చుకుంది అనే మాట వస్తుందన్న భయం నాకు రూలు కంటే ముందు కనపడింది. టీచరు నా స్థానంలో ఉంటే తన జట్టుని నిలబెట్టుకుని, తల ఎత్తుకుని బయటికొచ్చేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కారు. నాకు ఆ వీలు లేదనుకున్నాను. నా భయానికి ఆ పదిహేనేళ్ళవాడు కట్టాడు. అలా అని నిర్ణయం తప్పని కూడా చెప్పలేను. రెండో జట్టులో పన్నెండేళ్ళ పిల్లలున్నారు. పైపుల జడ్జీ, డ్రమ్ముల జడ్జీ ఇద్దరూ వాళ్ళే బాగా వాయించారన్నారు. వాళ్ళలో అందరికన్నా చిన్నపిల్ల కప్పు ఎత్తుకుంది. దానికి రెండు చేతులూ కావలసొచ్చాయి.

మావాడికి పైప్ మేజర్ చెప్పాడు. వాడు నా దగ్గరికొచ్చి ఒకటే అడిగాడు, "అది చారిటీ కదా?" అవునన్నాను. తల ఊపి పైపులు పెట్టెలో సర్దుకున్నాడు. వాళ్ళమ్మ డబ్బుల పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టి, నా మొహం చూడకుండా, "నువ్వొకసారి లెక్కపెట్టుకో" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారుతోంది. నాన్న పాలు పితికి వచ్చి కూచున్నాడు. పైప్ బ్యాండంటే ఏంటో ఆయనకి సగమే తెలుసు, గ్రేడంటే మాత్రం పూర్తిగా తెలుసు. అంతా విని, "పన్ను చిగురు దాటిందంటావా, దాటలేదంటావా?" అనడిగాడు.

"సగం దాటింది నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేనెప్పుడూ వినని సంగతి చెప్పాడు. ఒక ఏడు పొదిలి వైపు నుంచి ఒకాయన గిత్తల్ని తోలుకొచ్చాడట. లారీకి డబ్బుల్లేక నడిపించుకొచ్చాడు. ఒక గిత్తకి నాలుగో పన్ను చిగురు చీల్చుకుని తెల్లగా కనపడుతోంది, వేలికి తగులుతోంది. చెప్తే నాలుగు పళ్ళ విభాగం. ఆ బండ అవి కదపలేవు. "రెండే" అన్నాడట నాన్న. ఆ జత రెండో బహుమతి కొట్టింది.

"ఎవరూ పట్టుకోలేదా?"

"ఇంకెవరు చూస్తారమ్మా? చూసేవాణ్ణి నేనేగా." కాసేపాగి, "మూడో బహుమతి వచ్చినోడు మన ఊరోడే. ఇప్పటికీ ఎదురైతే పలకరిస్తాడు. నాకే ఏదోలా ఉంటుంది," అన్నాడు.

ఎవరిది రైటని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. పాలకేంద్రం టైమైందని పెట్టేశాడు.

ఆ వసంతంలో కుర్రాడు గ్రేడ్ 2 బ్యాండులో రిజిస్టర్ అయ్యాడు. ఎలాగూ వెళ్ళేవాడే, అని అందరం అనుకున్నాం. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో కనపడ్డాడు. మాది హీట్స్‌లోనే అయిపోయింది. వాళ్ళు ట్యూనింగులో ఉన్నారు. వాళ్ళ పైప్ మేజర్ ఒక్కొక్కరి భుజం దగ్గరికీ వచ్చి శృతి గొట్టం మీద చెయ్యి పెట్టి వెంట్రుకవాసి జరుపుతున్నాడు. వాడి దగ్గరికొచ్చి, విని, ఏమీ ముట్టుకోకుండా ముందుకెళ్ళాడు. ఆ వయసు పైపరుకి అంతకన్నా పెద్ద బహుమతి లేదు. వాడు నన్ను చూశాడనే అనుకుంటున్నాను. నోట్లో పైపు ఉన్నవాడు పలకరించలేడు.

మేం రూలు మార్చాం. 'ప్లే' తీసేసి, గత రెండేళ్ళలో గ్రేడ్ 2 లేదా పై బ్యాండులో రిజిస్టరై పోటీ చేసినవాళ్ళు అని రాశాం. కమిటీలో టై అయితే బయటి మనిషి ఒకరిని పిలవాలని రాశాం. తమ జట్టు ఉన్నవాళ్ళు గదిలోంచి బయటికెళ్ళాలని రాశాం. మొదటి ఏడాది రూల్సు ఒక పేజీ. ఇప్పుడు నాలుగు.

రెండో ఏడాది పోటీకి ఒక బ్యాండు కొత్తవాళ్ళ విభాగంలో ఒకాయన్ని తెచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. గ్రేడ్ 1 బ్యాండులో ఏడాదిగా ప్రాక్టీసు చేస్తున్నాడు. ఇంకా రిజిస్టర్ కాలేదు, పోటీ చెయ్యలేదు. నవ్వుతూ తనే చెప్పాడు. నేను కొత్త రూలు చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఇలాంటి మనిషి రాకూడదనే పాత రూలు రాసింది. పాత రూలుంటే ఆగేవాడు. ఆయన వేళ్ళు కదిలించడం మొదలుపెట్టగానే మిగతా జట్ల పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముగ్గురు జడ్జీలూ ఆ జట్టుకి 1, 1, 1 ఇచ్చారు. నా ఎక్సెల్‌కి పనే లేకపోయింది. డ్రమ్ములాయన టీ కప్పు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

గుమ్మం దగ్గర ఆ ఏడు కూడా ఆ కుర్రాడి అమ్మే కూచుంది. నేనడగలేదు, ఆవిడే వచ్చింది. హాలు ఖాళీ అయ్యాక పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఈసారి కుర్చీ లాక్కుని కూచుంది.

"ఇవాళ కంప్లైంట్లేం రాలేదా?"

"రాలేదు."

ఇద్దరం కలిసి చిల్లర లెక్కపెట్టాం. టికెట్ల లెక్కకన్నా నాలుగు పౌండ్లు ఎక్కువొచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయో తెలీలేదు. టీ ఖాతాలో రాసుకోమంది.